ఓవర్‌క్లాకింగ్‌కు అనువైన మదర్‌బోర్డు

నిర్వచనం

కంప్యూటర్ ప్రాసెసర్‌ను తయారీ సంస్థ ఖరారు చేసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ప్రాసెసర్ వేగం రెండు సంఖ్యల లబ్ధం. మొదటిది బేస్ క్లాక్. నేటి కంప్యూటర్లలో ఇది సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. రెండోది మల్టిప్లయర్. 100ని 50తో గుణిస్తే 5 గిగాహెర్ట్జ్ వస్తుంది. వీటిలో ఏది పెంచినా వేగం పెరుగుతుంది. అయితే ఆ వేగంలో లెక్క తప్పకుండా ఉండాలంటే చాలాసార్లు వోల్టేజీనీ పెంచాల్సి వస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు వేగానికి నేరుగానూ, వోల్టేజీకి వర్గానుపాతంలోనూ పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే విద్యుత్ వాడకం సుమారు 33 శాతం పెరుగుతుంది. వాడిన విద్యుత్తంతా చివరికి వేడిగానే బయటకు రావాలి. ఆ అదనపు విద్యుత్తును నిలకడగా అందించడం, అందించేటప్పుడు తాను వేడెక్కకుండా నిలవడం మదర్‌బోర్డు పని. ఈ వ్యాసం ఆ పనికి తగిన బోర్డును ఎంచుకునే పద్ధతిని వివరిస్తుంది. హైదరాబాద్ ఈశాన్య శివారులోని నాగారం వంటి ఎండలు ఎక్కువున్న ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుంటుంది.

చరిత్ర

నాగారం ప్రాంతానికి కంప్యూటర్లతో పాత అనుబంధం ఉంది. అది ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసరకు వెళ్లే దారిలో ఉంది. ఆ చౌరస్తాకు పేరిచ్చిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1967 ఏప్రిల్ 11న ఏర్పడింది. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ 1969లో ఈ సంస్థ ద్వారానే వెలువడింది. తర్వాతి దశకంలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఆ యంత్రాల వేగాన్ని వాడుకదారు మార్చే ప్రశ్నే లేదు. బోర్డు మీద వేగాన్ని చేత్తో మార్చుకునే అవకాశం వ్యక్తిగత కంప్యూటర్లతోనే వచ్చింది.

మొదట్లో ఆ పని జంపర్లతో జరిగేది. బోర్డు మీద చిన్న పిన్నులకు తొడిగే ప్లాస్టిక్ టోపీలవి. వాటిని ఒక జత నుంచి మరో జతకు మారిస్తే, నేటి బేస్ క్లాక్‌కు పూర్వరూపమైన బస్ వేగం మారేది. 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ఈ అభ్యాసాన్ని జనంలోకి తెచ్చింది. దాని బస్ వేగం 66 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 4.5. అదే ఏడాది వచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్ 100 మెగాహెర్ట్జ్ బస్‌ను నడపగలిగేది. చౌక ప్రాసెసర్‌ను ఆ బోర్డులో పెట్టి బస్‌ను 100కు మారిస్తే 450 మెగాహెర్ట్జ్ చేతికొచ్చేది. అబిట్ సంస్థ బీహెచ్6 బోర్డులో జంపర్లు లేకుండా, ‘సాఫ్ట్‌మెనూ’ ద్వారా బయోస్‌లోనే వేగాన్ని, వోల్టేజీని మార్చుకునే వీలు కల్పించింది. నేటి ఓవర్‌క్లాకింగ్ బోర్డులన్నీ నడుస్తున్నది ఆ బాటలోనే.

ఆ రోజుల్లోనే తయారీ సంస్థలు మల్టిప్లయర్‌కు తాళం వేస్తూ వచ్చాయి. 2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసర్ల పైభాగంలోని సన్నని వంతెనలను పెన్సిల్ గ్రాఫైట్‌తో కలిపి ఆ తాళాన్ని తీసేవారు. 2010లో ఇంటెల్ కె-శ్రేణితో తాళం లేని ప్రాసెసర్లను విడిగా అమ్మడం మొదలుపెట్టింది. 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరంలో బేస్ క్లాక్‌ను పీసీఐ, సాటా వంటి ఇతర భాగాల గడియారాలతో ముడివేయడంతో దాన్ని కొద్ది శాతానికి మించి కదపలేని పరిస్థితి వచ్చింది. అప్పటి నుంచి ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రధానంగా మల్టిప్లయర్ మార్పే.

చిప్‌సెట్‌ను బట్టి రకాలు

ఇంటెల్ వైపు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు కె అక్షరం ఉన్న ప్రాసెసర్, జెడ్ అక్షరంతో మొదలయ్యే చిప్‌సెట్ రెండూ కావాలి. జెడ్690, జెడ్790, 2024లో వచ్చిన జెడ్890 ఈ కోవలోవి. బి-శ్రేణిలో 2021 నాటి బి560 నుంచి ర్యామ్ వేగాన్ని పెంచుకునే వీలుంది గానీ మల్టిప్లయర్‌ను పెంచే వీలు లేదు. హెచ్-శ్రేణిలోని చౌక బోర్డులు ఈ పనికి కావు. 2022 ఆరంభంలో ప్రత్యేక క్లాక్ జనరేటర్ అమర్చిన కొన్ని బి660 బోర్డులు కె లేని ప్రాసెసర్లను కూడా బేస్ క్లాక్ ద్వారా పరుగెత్తించాయి. అది మినహాయింపే.

ఏఎండీ వైపు నియమం సడలింపుగా ఉంటుంది. రైజెన్ ప్రాసెసర్లలో అత్యధికం తాళం లేనివే. ఏఎం4 సాకెట్‌లో బి350, బి450, బి550, ఎక్స్-శ్రేణి చిప్‌సెట్లు ఓవర్‌క్లాకింగ్‌ను అనుమతిస్తాయి. ఏ320, ఏ520 అనుమతించవు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5లో బి650, ఎక్స్670, బి850, ఎక్స్870 అనుమతిస్తాయి. ఏ620, బి840 అనుమతించవు. బి840, బి850 పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి కొనేటప్పుడు అంకెను జాగ్రత్తగా చదవాలి. ప్రాసెసర్ల వైపు మినహాయింపుల్లో 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ ముఖ్యమైనది. దాని మల్టిప్లయర్‌కు తాళం ఉంది.

చిప్‌సెట్ పేరు అనుమతిని మాత్రమే తెలుపుతుంది. సామర్థ్యం సంగతి ఆ పేరులో ఉండదు. ఒకే జెడ్790 పేరుతో అమ్మే రెండు బోర్డుల మధ్య విద్యుత్ విభాగంలో రెండింతల తేడా ఉండవచ్చు. ఎంఎస్ఐ సంస్థ 2018లో తెచ్చిన బి450 టొమాహాక్ మధ్యశ్రేణి చిప్‌సెట్‌తోనే వచ్చినా, విద్యుత్ విభాగం, దాని మీది హీట్‌సింక్ బాగుండటం వల్ల మంచి పేరు తెచ్చుకుంది.

విద్యుత్ విభాగం

కంప్యూటర్ పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది ఒకటి, ఒకటిన్నర వోల్టుల మధ్య. ఈ మార్పిడి చేసే భాగాన్ని వీఆర్‌ఎమ్ అంటారు. ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమవైపు, పైవైపు వరుసగా కనిపించే చదరపు దిమ్మెలు, వాటి పక్కనున్న లోహపు హీట్‌సింక్‌లు దీనివే.

ఈ విభాగం మీద ఎంత బరువు పడుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంటెల్ కోర్ ఐ9-13900కె గరిష్ఠ టర్బో పరిమితి 253 వాట్లు. వోల్టేజీ 1.25 అనుకుంటే సుమారు 200 ఆంపియర్ల కరెంటు ప్రవహించాలి. ఇంటికి వచ్చే సింగిల్ ఫేజ్ సర్వీసు వైరులో కూడా అంత కరెంటు ఎన్నడూ ప్రవహించదు. ఆ 200 ఆంపియర్లు నాణెమంత చోటులోకి వెళ్లాలి.

అందుకే కరెంటును ఫేజ్‌లుగా విడదీస్తారు. ఒక్కో ఫేజ్‌లో స్విచ్‌లా పనిచేసే మోస్‌ఫెట్‌లు, చోక్, కెపాసిటర్లు ఉంటాయి. ఇద్దరు మోసే బస్తాను పదిమంది పంచుకున్నట్లు, ఫేజ్‌లు పెరిగేకొద్దీ ఒక్కోదాని మీద భారం తగ్గి వేడి పలుచబడుతుంది. మంచి బోర్డుల్లో విడి మోస్‌ఫెట్‌లకు బదులు డాక్టర్‌మోస్ లేదా పవర్ స్టేజ్ అనే ఏకీకృత చిప్‌లు వాడతారు. ఇవి ఒక్కోటి 50 నుంచి 110 ఆంపియర్ల దాకా రేటింగ్‌తో వస్తాయి. రేటింగ్ అంటే ఆ కరెంటును నిత్యం మోయవచ్చని కాదు. 90 ఆంపియర్ల చిప్‌ను 20 ఆంపియర్ల దగ్గర నడిపితేనే అది చల్లగా, సమర్థంగా పనిచేస్తుంది.

పెట్టె మీద ‘16+1+2’ వంటి అంకెలుంటాయి. మొదటి అంకె ప్రాసెసర్ కోర్లకు వెళ్లే ఫేజ్‌లది. మిగతావి లోపలి గ్రాఫిక్స్, ర్యామ్ నియంత్రణ వంటి భాగాలకు చెందినవి. ఈ అంకెను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. కొన్ని బోర్డుల్లో ఎనిమిది సంకేతాలనే డబ్లర్లతో విడదీసో, రెండేసి పవర్ స్టేజ్‌లను జతగా కట్టో పదహారుగా లెక్క చూపుతారు. కరెంటు పంపకానికి దీనివల్ల నష్టం లేదు గానీ అది అసలు పదహారు ఫేజ్‌ల నియంత్రణతో సమానం కాదు. కొనేవారు ఫేజ్‌ల సంఖ్యతో పాటు పవర్ స్టేజ్ రేటింగ్‌నూ, హీట్‌సింక్ బరువునూ కలిపి చూడాలి.

సామర్థ్య శాతం కూడా ముఖ్యమే. 90 శాతం సామర్థ్యంతో 250 వాట్లు అందించే వీఆర్‌ఎమ్ దాదాపు 28 వాట్లను తానే వేడిగా వదులుతుంది. 94 శాతమైతే అది 16 వాట్లకు దిగుతుంది. మూసిన క్యాబినెట్‌లో, ఫ్యాన్ గాలి నేరుగా తగలని మూలలో, 12 వాట్ల తేడా చిన్నది కాదు.

కెపాసిటర్ల విషయంలో పాత పాఠం ఒకటుంది. 2000ల తొలి సంవత్సరాల్లో లోపభూయిష్టమైన ద్రవ ఎలక్ట్రోలైట్ కెపాసిటర్లు ఉబ్బి, పగిలి ప్రపంచమంతటా లెక్కలేనన్ని బోర్డులను పాడుచేశాయి. ఇప్పుడు ఘన పాలిమర్ కెపాసిటర్లు సాధారణమయ్యాయి. వీటి ఆయుష్షు ప్రతి 20 డిగ్రీల తగ్గుదలకు సుమారు పది రెట్లు పెరుగుతుంది. 105 డిగ్రీల వద్ద 5,000 గంటలుగా లెక్కగట్టిన కెపాసిటర్ 85 డిగ్రీల వద్ద 50,000 గంటలు నిలుస్తుందన్నమాట. వీఆర్‌ఎమ్‌ను చల్లగా ఉంచడం బోర్డు ఆయుష్షును నేరుగా పెంచుతుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ప్రాసెసర్‌కు విద్యుత్తు తెచ్చే 8 పిన్నుల కనెక్టర్ ఒకటి సుమారు 330 వాట్ల దాకా మోయగలదు. మామూలు ఓవర్‌క్లాకింగ్‌కు అది సరిపోతుంది. పై శ్రేణి బోర్డుల మీది రెండో కనెక్టర్ వల్ల తీగలు, పిన్నులు చల్లగా ఉంటాయి. నాలుగు పిన్నుల కనెక్టర్ మాత్రమే ఉన్న బోర్డును ఈ పనికి తీసుకోకూడదు.

ఉష్ణ నియంత్రణ

2017 జూన్‌లో ఇంటెల్ ఎక్స్299 బోర్డులు మార్కెట్లోకి రాగానే డెర్‌బావర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన జర్మనీ ఓవర్‌క్లాకర్ రోమన్ హార్టుంగ్ ఒక లోపాన్ని బయటపెట్టాడు. ఖరీదైన బోర్డుల మీది వీఆర్‌ఎమ్ హీట్‌సింక్‌లు చూపుకు అందంగా ఉన్నా ఉత్త లోహపు దిమ్మెలు. గాలి ఆడే రెక్కలు లేవు. ప్రాసెసర్ ఇంకా తట్టుకోగలిగిన స్థితిలోనే వీఆర్‌ఎమ్ వేడెక్కి వేగం పడిపోయేది. ఆ విమర్శ తర్వాత రెక్కలున్న హీట్‌సింక్‌లు, రెండు దిమ్మెలను కలిపే హీట్‌పైపులు మళ్లీ ప్రాధాన్యం సంపాదించాయి.

హీట్‌సింక్‌కు, చిప్‌లకు మధ్య థర్మల్ ప్యాడ్ ఉంటుంది. అది చిప్‌ల మొత్తం వరుసను కప్పాలి, స్క్రూలు బిగువుగా ఉండాలి. బోర్డు పొరల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగు పొరల బోర్డు కన్నా ఆరు లేదా ఎనిమిది పొరల బోర్డులో రాగి ఎక్కువ. ఆ రాగి కరెంటును మోయడమే కాక వేడిని నలుదిక్కులా పరుస్తుంది.

కూలర్ ఎంపికకూ వీఆర్‌ఎమ్‌కూ సంబంధం ఉంది. టవర్ లేదా పైనుంచి కిందికి గాలి కొట్టే కూలర్ పెడితే సాకెట్ చుట్టూ కొంత గాలి కదులుతుంది. లిక్విడ్ కూలర్ పెడితే రేడియేటర్ క్యాబినెట్ అంచుకు పోయి సాకెట్ చుట్టూ గాలి నిలిచిపోతుంది. ప్రాసెసర్ చల్లబడి, వీఆర్‌ఎమ్ మునుపటి కన్నా వేడెక్కడం ఇందువల్లే. అలాంటప్పుడు క్యాబినెట్ వెనుక, పైన ఫ్యాన్లు తప్పనిసరి.

బయోస్, వోల్టేజీ

కరెంటు వాడకం పెరిగినప్పుడు ప్రాసెసర్‌కు చేరే వోల్టేజీ కొంత పడిపోతుంది. దారిలో 1 మిల్లీ ఓమ్ నిరోధం ఉన్నట్లయితే 200 ఆంపియర్ల వద్ద 0.2 వోల్టులు తగ్గుతాయి. దీన్ని సరిచేసే అమరికే లోడ్‌లైన్ కాలిబ్రేషన్. మరీ తక్కువగా పెడితే భారం పడ్డప్పుడు కంప్యూటర్ ఆగిపోతుంది. మరీ ఎక్కువగా పెడితే భారం తొలగిన క్షణంలో వోల్టేజీ ఎగిసి ప్రాసెసర్‌ను దెబ్బతీస్తుంది. మధ్యస్థాయిలోనే ఉంచడం మేలు.

ఈ సంగతి ఎంత తీవ్రమైందో రెండు ఉదంతాలు చూపాయి. 2023 ఏప్రిల్‌లో ఏఎం5 బోర్డుల్లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాయి. ర్యామ్ నియంత్రణ వంటి భాగాలకు అందే ఎస్ఓసీ వోల్టేజీని బోర్డులు అతిగా ఇవ్వడం ఒక కారణమని తేలి, ఏఎండీ దానికి 1.3 వోల్టుల గరిష్ఠ హద్దు పెట్టింది. 2024 జులైలో ఇంటెల్, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అస్థిరతకు మైక్రోకోడ్ అధిక వోల్టేజీ కోరడం కారణమని ప్రకటించింది. 0x129, 0x12బి మైక్రోకోడ్‌లతో దాన్ని సవరించి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈ రెండు తరాలకు బోర్డు కొనేవారు మొట్టమొదట చేయాల్సిన పని బయోస్‌ను నవీకరించడం. ఆ పని ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్, పొరపాటు జరిగితే పాత అమరికకు తెచ్చే క్లియర్ సీమాస్ బటన్ ఉన్న బోర్డులు ఓవర్‌క్లాకింగ్‌లో ఎంతో శ్రమ తప్పిస్తాయి.

ఏఎండీ వాడుకదారులకు ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, కర్వ్ ఆప్టిమైజర్ అనే మరో దారి ఉంది. ఒక్కో కోర్‌కు వోల్టేజీని కొంచెం తగ్గిస్తే, ఆ మిగులులో ప్రాసెసర్ తానే వేగం పెంచుకుంటుంది. వేడి తగ్గుతూ వేగం పెరిగే పద్ధతి ఇది. వేడి ప్రాంతాలకు ఇదే అనుకూలం.

నాగారం పరిస్థితులు

మదర్‌బోర్డు సమీక్షల్లో అత్యధికం 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల మే నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీలు దాటుతుంది. కూలర్ గది గాలి కన్నా చల్లగా దేన్నీ చేయలేదు. గది 15 డిగ్రీలు వేడిగా ఉంటే ప్రాసెసర్, వీఆర్‌ఎమ్ ఉష్ణోగ్రతలూ ఇంచుమించు అంతే పెరుగుతాయి. సమీక్షలో 80 డిగ్రీలు చూపిన వీఆర్‌ఎమ్ ఇక్కడి గదిలో 95కు చేరుతుంది. అదే సమీక్షలో 60 చూపిన బోర్డు 75 దగ్గర ఆగుతుంది. నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి ప్రాంతాల్లో ఎంపికను నిర్ణయించాల్సింది ఈ మిగులే.

సొంత ఇళ్ల పై అంతస్తుల్లో సమస్య మరింత పెరుగుతుంది. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏసీ లేని పై గదిలో 250 వాట్ల ఓవర్‌క్లాక్‌ను సాయంత్రం నడపడం ఏ బోర్డుకైనా కఠిన పరీక్షే. కింది అంతస్తు గది, కిటికీ దగ్గర చోటు, జాలీ ముందుభాగమున్న క్యాబినెట్ పెద్ద ఖర్చు లేకుండానే కొన్ని డిగ్రీలు తగ్గిస్తాయి. జాలీ మీద పేరుకునే దుమ్మును నెలకోసారి బ్లోయర్‌తో దులపకపోతే ఆ లాభం పోతుంది.

కరెంటు నాణ్యత రెండో అంశం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సరఫరా. ఎండాకాలం ఏసీల భారంతో, ఈదురుగాలుల రోజుల్లో, అందులో హెచ్చుతగ్గులు వస్తాయి. మంచి ఎస్ఎంపీఎస్ వీటిని చాలావరకు తట్టుకుంటుంది. అయితే ఎస్ఎంపీఎస్‌లకిచ్చే 80 ప్లస్ ముద్ర కోసం పరీక్షలు 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి. కాబట్టి పెట్టె మీది వాట్లు ఎన్ని డిగ్రీల వద్ద వర్తిస్తాయో చూడాలి. 50 డిగ్రీల రేటింగ్ ఉన్నది ఇక్కడికి తగినది. యూపీఎస్ లేదా ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమైతే యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌తో ఇబ్బంది రాదు.

ఎర్తింగ్‌ను చాలామంది పట్టించుకోరు. క్యాబినెట్‌ను తాకితే సన్నగా షాక్ కొడుతోందంటే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని సాధారణంగా అర్థం. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా వచ్చే లీకేజీ కరెంటు భూమిలోకి పోవడానికి దారి దొరకక క్యాబినెట్ మీద నిలుస్తుంది. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలపు ఎర్త్ గుంత ఎండాకాలంలో ఆరిపోయి నిరోధం పెరుగుతుంది. అందులో నీళ్లు పోస్తుండటం, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించడం ఓవర్‌క్లాకింగ్‌కు ముందే చేసుకోవాల్సిన పనులు.

స్థిరత్వ పరీక్ష

వేగం పెంచిన కంప్యూటర్ విండోస్ తెరవగలిగినంత మాత్రాన స్థిరంగా ఉన్నట్లు కాదు. ప్రైమ్95, ఓసీసీటీ, వై-క్రంచర్ వంటి ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను గంటల తరబడి పూర్తి భారంతో నడిపి తప్పులను పట్టిస్తాయి. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాములో ప్రాసెసర్, వీఆర్‌ఎమ్ ఉష్ణోగ్రతలతో పాటు, వీయా అనే పేరుతో విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ దోషాల సంఖ్యనూ గమనించాలి. కంప్యూటర్ ఆగకపోయినా ఆ దోషాలు నమోదవుతున్నాయంటే అమరిక అంచు మీద ఉన్నట్లే. కొన్ని చౌక బోర్డుల్లో వీఆర్‌ఎమ్ సెన్సరే ఉండదు. సెన్సర్ ఉన్న బోర్డు కోసం కొంత ఎక్కువ చెల్లించడం వ్యర్థం కాదు.

పరీక్ష ఏ నెలలో చేశారన్నది కూడా ముఖ్యమే. డిసెంబరు చలిలో సరిచూసిన అమరిక మే మధ్యాహ్నం కుప్పకూలవచ్చు. ఒకే అమరికను ఏడాదంతా ఉంచాలనుకుంటే దాన్ని ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య, ఏసీ ఆపి పరీక్షించాలి. లేదంటే బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు భద్రపరచుకోవచ్చు. ఒకటి చలికాలానికి, రెండోది 100 లేదా 200 మెగాహెర్ట్జ్ తగ్గించి ఎండాకాలానికి.

అతిశీతల ఓవర్‌క్లాకింగ్

పోటీల్లో ద్రవ నైట్రోజన్‌తో ప్రాసెసర్‌ను మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. 2022 డిసెంబరులో ఆసుస్ బృందం ద్రవ హీలియం వాడి, రోగ్ మాక్సిమస్ జెడ్790 అపెక్స్ బోర్డు మీద కోర్ ఐ9-13900కెను 9 గిగాహెర్ట్జ్ దాటించింది. అపెక్స్ వంటి బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. దారి దగ్గరగా ఉంటే ర్యామ్ సంకేతాలు శుభ్రంగా ఉంటాయి కాబట్టి అలా చేస్తారు. ఇంటి వాడకానికి ఆ బోర్డులు అవసరం లేదు.

కొనుగోలు, వారంటీ

నాగారం వాసులకు దగ్గరున్న పెద్ద కంప్యూటర్ మార్కెట్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచేది. అక్కడ ప్రధానంగా దొరికే ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డులు నాలుగూ తైవాన్ సంస్థలవే. కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. వారంటీ బోర్డుకు వేరు, ప్రాసెసర్‌కు వేరు. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి ఇంటెల్, ఏఎండీ రెండూ ప్రాసెసర్ వారంటీ వర్తించదని ప్రకటించాయి. ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌కూ ఇదే నిబంధన ఉంది.

పాత బోర్డు కొనేవారు మొదట సాకెట్ పిన్నులను మొబైల్ టార్చి వెలుగులో ఏటవాలుగా చూడాలి. ఇంటెల్ బోర్డుల్లోనూ ఏఎం5లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా ర్యామ్ చానల్ ఒకటి పనిచేయకపోవచ్చు. వీఆర్‌ఎమ్ వెనుకవైపు బోర్డు రంగు గోధుమ వన్నెకు తిరిగి ఉంటే అది చాలాకాలం అధిక వేడిలో నడిచిందని అర్థం. 8 పిన్నుల కనెక్టర్‌లో ప్లాస్టిక్ కరిగిన గుర్తులున్నా, హీట్‌సింక్ అంచున థర్మల్ ప్యాడ్ నుంచి కారిన నూనె జాడ ఉన్నా ధర ఎంత తక్కువైనా దాన్ని వదిలేయాలి. ఈ నాలుగూ బాగుంటే దుకాణంలోనే ప్రాసెసర్, ర్యామ్ పెట్టించి, బయోస్‌లో ర్యామ్ పూర్తిగా కనిపిస్తోందో లేదో చూసి, అరగంట పూర్తి భారంతో నడిపించాకే డబ్బు చెల్లించాలి.